సుంకం తగ్గితే చాలదు, సరకు నెగ్గాలి

అమెరికా 2025 ఆగస్టులో మన సరకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఆ దెబ్బ భీమవరం పరిసరాల్లోని రొయ్యల చెరువుల దాకా తగిలింది. కారణం లెక్కల్లోనే ఉంది. 2024-25లో దేశం నుంచి ఎగుమతైన మత్స్య ఉత్పత్తుల విలువ 745 కోట్ల డాలర్లు. అందులో 271 కోట్ల డాలర్ల సరకు ఒక్క అమెరికాకే వెళ్లింది, దానిలో తొంభై శాతానికి పైగా రొయ్యలే. కాబట్టి కేంద్రం కొత్త మార్కెట్లు వెతకడం ముమ్మాటికీ సరైన పనే. యూఏఈ, ఆస్ట్రేలియాలతో ఒప్పందాలు 2022లో అమల్లోకి వచ్చాయి. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీకెన్‌స్టైన్‌ల ఎఫ్టా కూటమితో 2024 మార్చిలో, బ్రిటన్‌తో 2025 జులైలో సంతకాలయ్యాయి. అయితే ఒప్పందం సుంకం భారాన్ని తగ్గించగలదే గాని నాణ్యత పరీక్షలో సరకును గట్టెక్కించలేదు. ఆ పని మన చెరువు గట్టు మీదే జరగాలి.

ఐరోపా అనుభవం దీనికి సాక్ష్యం. నిషిద్ధ యాంటీబయాటిక్ అవశేషాలు బయటపడుతున్నాయంటూ ఐరోపా సమాఖ్య 2016లో మన సాగు రొయ్యల తనిఖీలను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. లోపం ఎక్కడ మొదలవుతుందో ఆక్వా రైతులకు తెలియనిది కాదు. తెల్లమచ్చ వ్యాధి కనిపించగానే పెట్టుబడి మునిగిపోతుందన్న భయంతో చేతికందిన మందు చల్లేస్తారు. ఆ వ్యాధికి మూలం వైరస్. దానిపై యాంటీబయాటిక్ పనిచేయదు, అవశేషం మాత్రం రొయ్యలో మిగిలిపోతుంది. పలు చెరువుల సరకు ప్లాంటులో కలిశాక, ఒక్క చెరువులో జరిగిన తప్పుకు కంటైనర్ మొత్తం తిరస్కరణకు గురికావచ్చు.

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలతో మనం ఇదివరకే నష్టపోయామన్నది ఒక అభ్యంతరం. అది తోసిపుచ్చదగ్గది కాదు. ఆసియాన్, కొరియా, జపాన్‌లతో 2010, 2011లలో ఒప్పందాలు అమలయ్యాక మన వాణిజ్య లోటు పెరిగిన మాట నిజమే. కానీ తలుపులు మూసుకుంటే ఒకే కొనుగోలుదారుపై ఆధారపడే ముప్పు అలాగే ఉంటుంది. ఆ అనుభవం నేర్పేది సంతకానికి ముందే ఎగుమతిదారులను సిద్ధం చేయాలని. పరీక్షల ఖర్చు చిన్న రైతు నడ్డి విరుస్తుందన్న వాదనలోనూ న్యాయముంది. అందుకే ఆ ఖర్చును ప్రభుత్వం, ఎగుమతిదారులు పంచుకోవాలి. మార్కెట్ పోతే ముందుగా పడిపోయేది చెరువు దగ్గర రైతుకిచ్చే ధరే.

ఎఫ్టా దేశాలు 15 ఏళ్లలో 10,000 కోట్ల డాలర్ల పెట్టుబడులు తేవడానికి కృషి చేస్తామన్నాయి. చేపల పెంపకంలో ఆరితేరిన నార్వే వాటిలో ఒకటి. ఆ పెట్టుబడిలో కొంతైనా వ్యాధి నిర్ధారణ, శీతల గిడ్డంగులు, ప్రాసెసింగ్ వైపు మళ్లేలా ఆంధ్రప్రదేశ్ ఇప్పుడే పట్టుబట్టాలి. ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థకు రాష్ట్రం 2020లోనే చట్టం చేసింది. ఆ చట్టాన్ని మందుల దుకాణం నుంచి ప్లాంటు దాకా కచ్చితంగా అమలు చేయాలి. ప్రతి ఆక్వా మండలానికీ రైతుకు అందుబాటులో ఉండే పరీక్షా కేంద్రం ఇవ్వాలి. ఢిల్లీలో కుదిరిన సుంకం రాయితీ అప్పుడే రైతు చేతికి ధరగా అందుతుంది.