పద్దెనిమిదేళ్లు నిండినా తండ్రి ఆదాయమేనా?

ఓటు వేయడానికి పద్దెనిమిదేళ్లు చాలునని 61వ రాజ్యాంగ సవరణ చెప్పి మూడున్నర దశాబ్దాలు దాటింది. ఆ వయసుకు ఒప్పందంపై సంతకం చేయవచ్చు, ఆస్తి అమ్మవచ్చు, నేరం చేస్తే పెద్దవాడిగానే జైలుకు పోవచ్చు. చదువుకోవడానికి ఉపకార వేతనం అడిగేసరికి మాత్రం ఇరవై రెండేళ్ల మనిషి తిరిగి బిడ్డ అయిపోతాడు. దరఖాస్తు అతని ఆదాయాన్ని అడగదు, తండ్రి ఆదాయాన్ని అడుగుతుంది. ఆ తండ్రి అతణ్ణి ఇంట్లోంచి గెంటేశాడా, కన్న తర్వాత మొహం చూశాడా అన్న సంగతి రాసుకోవడానికి అందులో జాగా లేదు.

ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాల మార్గదర్శకాల్లో దశాబ్దాలుగా సాగుతూ వచ్చిన సూత్రం ఒకటుంది. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు జీవించి ఉన్నా వారి ఆదాయమే లెక్క. ఉద్యోగం లేని వివాహిత విద్యార్థిని అయితే భర్త ఆదాయం. ఆ పెద్దలెవరూ జీవించి లేనప్పుడే, చదివిస్తున్న సంరక్షకుడి ఆదాయం చూస్తారు. ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షల రూపాయలు. ఈ సూత్రాన్ని నిదానంగా చదివితే రెండు విషయాలు బయటపడతాయి. ఆడపిల్ల తండ్రి లెక్కలోంచి భర్త లెక్కలోకి పోతుందే గాని తన లెక్కలోకి ఎన్నడూ రాదు. ఇక పెళ్లయిన మగపిల్లవాడి ఊసే లేదు. కులాంతర వివాహం చేసుకుని ఇల్లు వదిలి, అద్దె గదిలో సంసారం పెట్టి చదువుకునే యువకుడు తండ్రి బతికున్నంత కాలం కాగితం మీద తండ్రి చేతికింది వాడే.

కుటుంబం ఒక్కటిగా ఉంటుంది, పెద్దవాడు సంపాదించింది పిల్లల చదువుకు పోతుంది అన్న ఊహ మీద ఈ నియమం నిలబడి ఉంది. చాలా ఇళ్లలో అది నిజమే. కాని కులం పనిచేసే చోట ఆ ఊహ సరిగ్గా ఎక్కడ విరగాలో అక్కడే విరుగుతుంది.

2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాకు చేరిన చోడవరాన్నే తీసుకుందాం. చుట్టూ చెరకు, గోవాడ చక్కెర కర్మాగారం, అనకాపల్లి బెల్లం మార్కెట్టు. మాడుగుల దాటి ఘాట్ రోడ్డెక్కితే పాడేరు మన్యం. గవరలు, కొప్పుల వెలమలు, మాలలు, మాదిగలు, యాదవులు, కొండ మీద నుంచి దిగివచ్చిన భగతలు, వాల్మీకులు, కొండదొరలు ఒకే బస్సులో కాలేజీకి పోయే ప్రాంతం ఇది. పిల్లలు కలిసి చదువుతారు, కలిసి పనిచేస్తారు, కొందరు కలిసి బతకాలనీ అనుకుంటారు. అనుకున్న రోజున ఇంటి తలుపు మూతపడుతుంది. మూతపడిన తలుపు వెనక ఎకరాలు ఎన్నున్నా బయట నిలబడ్డ బిడ్డకు దక్కేది సున్నా. సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టుకుంటే మాత్రం ఆ ఎకరాలన్నీ ఆమె పేరు పక్కకే వచ్చి చేరతాయి.

ఇంకో పరిస్థితి దీనికంటే నిశ్శబ్దమైనది, నా దృష్టిలో దీనికంటే క్రూరమైనది. తల్లి దళితురాలో గిరిజనురాలో. తండ్రి పై కులంవాడు, ఒకప్పుడు ఉద్యోగం మీద వచ్చి కొంతకాలం కాపురం చేసి వెళ్లిపోయినవాడు. బిడ్డను తల్లే పెంచింది, తల్లి వాడలోనే పెరిగింది, తల్లి కులానికి పడే మాటలన్నీ పడింది. ఆ బిడ్డ కాలేజీలో చేరినప్పుడు రాజ్యం రెండు ప్రశ్నలు వేస్తుంది. నీ కులమేది, నీ ఆదాయమెంత? రెండింటికీ జవాబు కనిపించని ఆ తండ్రి దగ్గరే ఉందంటుంది. కులం తండ్రిది గనుక ఎస్సీ కాదు, ఎస్టీ కాదు. ఆదాయం తండ్రిది గనుక పేద కాదు. తండ్రి ఇచ్చినవి ఈ రెండు తిరస్కారాలే.

కులం సంగతిలో న్యాయస్థానాలు కొంత దూరం నడిచాయి. మన పొరుగునే ఉన్న శృంగవరపుకోట ఎస్టీ నియోజకవర్గం నుంచి 1999లో గెలిచిన శోభా హైమావతి ఎన్నిక వివాదం చాలామందికి గుర్తుండే ఉంటుంది. తండ్రి శిష్టకరణం, తల్లి భగత. తల్లి వైపు నుంచి గాని, భగత తెగకు చెందిన భర్త వైపు నుంచి గాని ఆమెకు ఎస్టీ హోదా రాదని 2005 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఏడేళ్ల తర్వాత 2012లో, గుజరాత్ నుంచి వచ్చిన రమేశ్‌భాయి దభాయి నాయికా కేసులో అదే కోర్టు మాట కాస్త మారింది. కులాంతర దంపతుల బిడ్డకు తండ్రి కులమే వస్తుందన్నది ఒక అనుమానం మాత్రమే, తల్లి కులంలో పెరిగి ఆ కులపు అవమానాలే అనుభవించానని సాక్ష్యం చూపి ఆ బిడ్డ దాన్ని తోసిపుచ్చవచ్చు అంది. అంటే కులం విషయంలో ఎలా పెరిగావన్న ప్రశ్నకు తలుపు తెరుచుకుంది. ఆదాయం విషయంలో, ఎవరు పెంచారన్న ప్రశ్నకు ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు. కులాన్నే తోసిపుచ్చే అవకాశం ఉన్నప్పుడు, జేబులో పడని తండ్రి జీతాన్ని తోసిపుచ్చే అవకాశం ఎందుకు ఉండకూడదు?

నిజానికి కుటుంబమంటే ఏమిటో ప్రభుత్వానికే ఒక మాట లేదు. పెళ్లయిన ఒక బీసీ యువతి ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే సంపన్న శ్రేణి నిర్ధారణకు 1993 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం తల్లిదండ్రుల స్థాయి చూస్తారు, భర్తది చూడరు. అదే వయసు అగ్రవర్ణ యువతి ఈడబ్ల్యూఎస్ పత్రం అడిగితే 2019 జనవరి 31 నాటి ఉత్తర్వు ప్రకారం ఆమె, తల్లిదండ్రులు, మైనరు తోబుట్టువులు, భర్త, మైనరు పిల్లలు అందరూ ఒకే కుటుంబం. ఇక దళిత విద్యార్థిని ఉపకార వేతనం అడిగితే భర్త ఒక్కడే. ఉద్దేశాలు వేరు గనుక కొలతలూ వేరని అధికారులు అనవచ్చు. కావచ్చు. అయితే ఈ నిర్వచనాలు ఆకాశం నుంచి ఊడిపడినవి కావని, అవసరాన్ని బట్టి కాగితం మీద రాసుకున్నవేనని ఆ జవాబే ఒప్పుకుంటోంది. రాసుకున్నదాన్ని మళ్లీ రాసుకోవచ్చు.

అనాథల సంగతి చూడండి. మన రాష్ట్రపు బీసీ-ఎ జాబితాలో కులాల పేర్ల వరసలో ఒక విచిత్రమైన పద్దు ఉంది. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను కోల్పోయి, చూసుకునే దిక్కు లేక, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆశ్రమ పాఠశాలలో చేరిన పిల్లలు అందులో ఉన్నారు. కులం తెలియని బిడ్డకు రాజ్యం తానే ఒక చోటు చూపడం మెచ్చుకోదగ్గదే. పదకొండో ఏట అనాథ అయిన పిల్ల మాటేమిటి? మేనమామ ఇంట్లో రెండేళ్లు, పిన్ని ఇంట్లో రెండేళ్లు తలదాచుకున్న పిల్ల మాటేమిటి? ఆ పిల్లకు సంరక్షకుడి ఆదాయ పత్రం కావాలి. మేనమామ సంరక్షకుడినని రాసివ్వడానికి జంకుతాడు, రేపు తన పొలంలో వాటా అడుగుతుందేమోనని. బాలల న్యాయ చట్టం కింద సదనాల్లో పెరిగినవారికి పద్దెనిమిదేళ్లు దాటాక 21 ఏళ్ల వరకు అనంతర సంరక్షణ ఉందని మిషన్ వాత్సల్య చెబుతుంది. సదనం గడప తొక్కని అనాథకు అదీ లేదు.

తండ్రి సొమ్ము కూతురికి ఎప్పుడూ అండగానే ఉంటుందన్న ఊహకు జవాబు మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న దొరికింది. పెరుమాళ్ల ప్రణయ్‌ను ఆస్పత్రి గుమ్మంలో నరికిన చేతికి కిరాయి ఎవరి డబ్బుతో ముట్టిందన్నది కోర్టు రికార్డుల్లోకి ఎక్కిన సంగతి. అంతకు పన్నెండేళ్ల ముందే, 2006లో, లతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు మేజర్లయిన పిల్లలు కులాంతర వివాహం చేసుకుంటే ఇష్టం లేని తల్లిదండ్రులు మహా అయితే సంబంధాలు తెంచుకోగలరు, బెదిరించడానికి, హింసించడానికి వీల్లేదు అని చెప్పింది. తెంచుకోవడం తండ్రి హక్కయినప్పుడు, తెగిపోయిందని గుర్తించడం రాజ్యం బాధ్యత కావాలి. ఒక చేత్తో కులాంతర వివాహాలకు అంబేడ్కర్ ఫౌండేషన్ పేరిట 2.5 లక్షల ప్రోత్సాహకం ప్రకటించి, రెండో చేత్తో అదే జంటలోని విద్యార్థిని నాన్న ఆదాయ పత్రం తెమ్మనడం ఏం న్యాయం?

మన రాష్ట్రంలో ఈ చిక్కు మరింత బిగిసింది. విద్యా దీవెన, వసతి దీవెన కాలంలో అర్హతను ఇంటి యూనిట్‌గా తేల్చారు. పది ఎకరాల మాగాణి, పాతిక ఎకరాల మెట్ట, నాలుగు చక్రాల బండి, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, ఇలా ఇంట్లో ఎవరికి ఏది ఉన్నా ఆ ఇంటి పేరున్న విద్యార్థి అనర్హుడు. డబ్బు తల్లి ఖాతాలో వేశారు. తల్లి చేతికి డబ్బు ఇవ్వడం మంచి ఆలోచనే, తండ్రి తాగుబోతయిన ఇళ్లలో అది నిలబెట్టింది కూడా. కాని ఇల్లు వదిలి వచ్చిన అమ్మాయి ఫీజు, ఆమెను వదులుకున్న ఇంట్లోని ఖాతాలో పడితే ఆమెకు ఏం ఒరిగింది? తర్వాత తల్లీ విద్యార్థీ ఉమ్మడి ఖాతా అన్నారు, 2024లో ప్రభుత్వం మారాక కాలేజీలకే నేరుగా చెల్లిస్తామన్నారు. డబ్బు ఎవరి చేతికి వెళ్లాలన్న దానిపై ఇంత చర్చ జరిగింది గాని, ఎవరిని పేదగా లెక్కించాలన్న దానిపై జరగలేదు.

పరాయి దేశాల్లో ఈ సమస్యకు ఒక పేరు ఉంది, స్వతంత్ర విద్యార్థి. అమెరికాలో కేంద్ర సహాయానికి దరఖాస్తు చేసేవారు 24 ఏళ్లు నిండినా, పెళ్లయినా, అనాథలయినా, కోర్టు సంరక్షణలో పెరిగినా, తమపై ఆధారపడ్డ బిడ్డ ఉన్నా తల్లిదండ్రుల ఆదాయం చూపనక్కరలేదు. హింస వల్ల ఇంటికి దూరమైనవారి విషయంలో కాలేజీలోని సహాయ అధికారి సాక్ష్యాలు చూసి తానే నిర్ణయించవచ్చు. ఇంగ్లండులో తల్లిదండ్రులతో సంబంధం తెగిపోయిన విద్యార్థిని గుర్తించడానికి, అతణ్ణి ఎరిగిన ఉపాధ్యాయుడో సామాజిక కార్యకర్తో ఇచ్చే లేఖ ఆధారమవుతుంది. అక్కడ కులం కోసం ఈ నియమాలు పుట్టలేదు. ఇంటి నుంచి వెలి వేయడమన్నది సామాజిక వ్యవస్థగా ఉన్న మన దేశంలో మాత్రం ఇవి లేవు.

దుర్వినియోగం జరుగుతుందన్న అభ్యంతరం చిన్నది కాదు. రేషను కార్డులు చీల్చుకున్న తెలివి ఈ పథకంలోనూ పనిచేస్తుంది. ఉన్నవాళ్ల పిల్లలు కాగితం మీద అలిగి వెళ్లిపోయి, దళిత విద్యార్థికి దక్కవలసిన సొమ్ము పట్టుకుపోతారని నా మిత్రులే కొందరు భయపడుతున్నారు. అమెరికా నియమంలోనే దీనికి విరుగుడుంది. తల్లిదండ్రులు ఫీజు కట్టనన్నంత మాత్రాన, విద్యార్థి వేరే ఊళ్లో ఉన్నంత మాత్రాన స్వతంత్రుడైపోడు. తెగిపోయిన సంబంధానికి సాక్ష్యం కావాలి. మనకు ఆ సాక్ష్యాలు కొత్తగా పుట్టించనక్కరలేదు. కులాంతర వివాహ నమోదు పత్రం ఉంది. పోలీసు రక్షణ కోరుతూ ఇచ్చిన ఫిర్యాదు ఉంది. గృహహింస చట్టం కింద రక్షణ అధికారి నివేదిక ఉంది. బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు ఉంది. ఒంటరి తల్లికి పంచాయతీ ఇచ్చిన పింఛను రికార్డు ఉంది.

బకాయిలే విడుదల కాక వేలమంది ధ్రువపత్రాలు కాలేజీల్లో చిక్కుకుంటుంటే ఈ కొద్దిమంది గొడవ ఎందుకన్నది రెండో మాట. బకాయిల కోసం వీధికెక్కగల విద్యార్థి వెనక ఒక సంఘం, ఒక హాస్టలు, ఒక ఇల్లు ఉంటాయి. వీళ్ల వెనక ఎవరూ లేరు, వీళ్ల సమస్యే అది.

అంబేడ్కర్ 1942లో వైస్రాయికి సమర్పించిన వినతిపత్రం తర్వాత, 1944లో ఎస్సీ విద్యార్థుల ఉపకార వేతనాలు మొదలయ్యాయి. ఆ మనిషి 1913లో కొలంబియాకు వెళ్లేనాటికి ఇరవై రెండేళ్లవాడు, పెళ్లయినవాడు, ఆ ఏడాది ఫిబ్రవరిలోనే తండ్రిని పోగొట్టుకున్నవాడు. బరోడా మహారాజు అతని పేరు మీదే నెలకు పదకొండున్నర పౌండ్లు ఇచ్చాడు, తిరిగి వచ్చి సంస్థానంలో పనిచేస్తానన్న ఒప్పందంపై అతని సంతకమే తీసుకున్నాడు. ఒక రాజు గుర్తించిన ఆ వ్యక్తిత్వాన్ని గణతంత్ర రాజ్యపు దరఖాస్తు గుర్తించడం లేదు.

కేంద్ర మార్గదర్శకాలు మారడానికి పార్లమెంటు చట్టం అక్కరలేదు, సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ ఒక వాక్యం సవరిస్తే చాలు. ‘భర్త’ అన్న చోట ‘జీవిత భాగస్వామి’ అని రాసి, తల్లిదండ్రులతో సంబంధం తెగిపోయినట్టు సాక్ష్యమున్న విద్యార్థికి సొంత ఆదాయమే ప్రమాణమని చేర్చాలి. అంతవరకు రాష్ట్రం ఆగనక్కరలేదు. ఫీజుల పథకం తనది, జ్ఞానభూమి పోర్టలు తనది, ఆదాయ పత్రం ఇచ్చే తహసీల్దారు తనవాడు. వచ్చే విద్యా సంవత్సరపు దరఖాస్తులు తెరిచేలోగా ఆ పోర్టల్లో స్వతంత్ర విద్యార్థి అన్న ఒక గడి చేర్చి, దాన్ని ఎంచుకున్నవారి విచారణను గ్రామ సచివాలయానికి కాక డివిజన్ స్థాయి సాంఘిక సంక్షేమ అధికారికి, మండల న్యాయ సేవల కమిటీకి కలిపి అప్పగించవచ్చు. సచివాలయం వద్దనడానికి కారణం ఉంది. విచారణ పేరుతో వాళ్లు మొదట కబురు పంపేది ఆ తండ్రికే.