పైకప్పు మనది, ఎండ దేవునిది, సంతకం ఎవరిది?



పోయిన వేసవిలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘ కమిటీ కూర్చున్నది. హైదరాబాదు పాతబస్తీలో మాది చిన్న సంఘం. మందిరం వెనుక, పల్లెల నుంచి వచ్చి చదువుకునే పిల్లల హాస్టలు ఉన్నది. కోశాధికారి పెద్దయ్య కరెంటు బిల్లు బల్ల మీద పెట్టి, "అయ్యగారూ, ఈ నెల కానుకల్లో మూడో వంతు దీనికే పోయింది. ఇట్లయితే పిల్లలకు కూరలో పప్పు తగ్గించాలి" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు.

ఆ వారంలోనే ఒక సోలారు కంపెనీ యువకుడు కాగితాలు పట్టుకొని వచ్చాడు. "మీరు ఒక్క రూపాయి పెట్టనక్కరలేదండి. పలకలు మావి, బిగించేది మేము, చెడిపోతే బాగుచేసేది మేము. మీ డాబా ఇస్తే చాలు" అన్నాడు. కమిటీలో కొందరు "దేవునికి స్తోత్రం" అన్నారు. పెద్దయ్య మాత్రం, "బాబూ, ఇందులో మీకేం లాభం?" అని అడిగారు. మంచి ప్రశ్న. జవాబు నేను తరువాత తెలుసుకున్నాను. మీకూ పనికివస్తుందని వ్రాస్తున్నాను.

దీనిని రెస్కో పద్ధతి అంటారు. పల్లెవారికి కౌలు తెలుసు కదా. మన పొలం ఒకరికి కౌలుకిచ్చి, అందులో పండిన వడ్లను వారి దగ్గరే ఒక ధరకు మనం కొనుక్కుంటే ఎట్లా ఉంటుందో ఇదీ అంతే. డాబా మనది, పలకలు వారివి, యూనిట్‌కు ఇంత అని కట్టేది మనం. ఒప్పందం సాధారణంగా 15 నుంచి 25 ఏళ్లు. ఢిల్లీ మెట్రో ఈ పద్ధతిలోనే 2014లో ద్వారకా సెక్టార్ 21 స్టేషన్ మీద 500 కిలోవాట్ల పలకలు వేయించింది. రైల్వే శాఖ కూడా ఎన్నో స్టేషన్లకు ఇట్లాగే 25 ఏళ్ల ఒప్పందాలు చేసుకున్నది.

కంపెనీకి లాభం యూనిట్ ధరలో ఉన్నది. పన్నులో కూడా ఉన్నది. సోలారు సామగ్రి విలువలో ఏడాదికి 40 శాతం దాకా తరుగుదల చూపి కంపెనీ ఆదాయపు పన్ను తగ్గించుకోవచ్చు. పన్ను కట్టని ట్రస్టుకు ఆ మేలు అందదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం ఇండ్ల కోసమే. మీ ఇంటి మీద 3 కిలోవాట్లు వేసుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. మందిరానికి, హాస్టలుకు రాదు. అందుకే చేతిలో డబ్బు లేని సేవాసంస్థకు రెస్కో ఒక మంచి దారే. నేను కాదనను. అయితే దారి మంచిదైనా గుంటలు చూసుకొని నడవాలి.

లెక్క చూడండి. 10 కిలోవాట్లకు సుమారు 1,000 చదరపు అడుగుల డాబా కావాలి. మన ప్రాంతపు ఎండకు ఏడాదికి సుమారు 14,000 యూనిట్లు వస్తాయి. డిస్కం ధర 8 రూపాయలు, కంపెనీ ధర 5.50 అనుకుందాం. ఏడాదికి 35,000 రూపాయలు మిగులుతుంది. పిల్లల పప్పుకు కొదువ ఉండదు. కాని ఒప్పందంలో ఏటా 3 శాతం పెంపు అని చిన్న అక్షరాలలో ఉంటే, 13 ఏళ్లు గడిచేసరికి ఆ 5.50 కాస్తా 8 దాటుతుంది. అప్పటికి డిస్కం ధర కూడా పెరగవచ్చు, పెరగకపోనూవచ్చు. పైగా మందిరాల మీటరుకు, హాస్టళ్ల మీటరుకు ధరలు వేరు. ఏ మీటరుకు కలుపుతారో చూసి లెక్క వేయండి.

ఇంకొక సంగతి. డిస్కం లైనుకు కలిపిన మామూలు సోలారు, కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవారికి షాక్ తగలకుండా అట్లా చేస్తారు. బ్యాటరీ లేకుంటే కోతలో వెలుగు ఉండదు.

చట్టం కూడా చూసుకోవాలి. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం గ్రీన్స్‌బరో పట్టణంలో ఫెయిత్ కమ్యూనిటీ చర్చి ఉన్నది. ఎన్.సి. వార్న్ అనే సేవాసంస్థ 2015లో ఆ చర్చి కప్పు మీద పలకలు వేసి చవకగా కరెంటు అమ్మింది. అట్లా అమ్మే హక్కు ఆ సంస్థకు లేదని 2018లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన దేశంలో ఈ పద్ధతికి చోటున్నది గాని, డిస్కం అనుమతి, నెట్ మీటరు లేనిదే ముందుకు పోరాదు.

ఇక మా సంగతి. మేము సంతకానికి సిద్ధపడిన వారంలోనే పక్కింటి సాహెబుగారు నన్ను గల్లీలో ఆపారు. "పాస్టర్ సాబ్, మీ డాబా మీద సోలారు వేస్తున్నారట. నేను వచ్చే ఏడు ఇంకో రెండు అంతస్తులు వేస్తున్నా. నీడ మీ మీదే పడుతుంది. ముందే చెప్పడం మంచిదని చెప్పినా" అన్నారు. నాకు ఒళ్లు చల్లబడ్డది. కాగితం మళ్లీ తెరిచి చూస్తే, నీడ వల్ల కరెంటు తగ్గినా, కనీసపు యూనిట్లకు మేము డబ్బు కట్టాలని ఉన్నది! రానున్న 25 ఏళ్లలో ఎంతమంది కాపరులు మారుతారో. వారందరి మెడకు నేను ఆ తాడు కట్టి ఉండేవాణ్ణి.

అసలు ఆ సంతకం చేసే అధికారం కూడా నాకు లేదు. సి.ఎస్.ఐ. సంఘాల ఆస్తి ట్రస్ట్ అసోసియేషన్ పేరిట ఉంటుంది. ఇతర మిషన్లలోనూ చాలాచోట్ల ఇట్లాంటి ఏర్పాటే. స్థానిక కమిటీ డాబాను అన్నేళ్లు ఒకరికి అప్పగించలేదు. నా తొందరపాటును సంఘం ఎదుట ఒప్పుకున్నాను.

ఇప్పుడు మేము కంపెనీని నాలుగు అడుగుతున్నాము. ఒకటి, ఒప్పందం 15 ఏళ్లకు మించకూడదు. రెండు, వచ్చిన యూనిట్లకే డబ్బు. మూడు, స్లాబు కారితే బాగుచేసే పూచీ వారిది. నాలుగు, మధ్యలో పలకలు మేమే కొనుక్కుంటే ఏ సంవత్సరానికి ఎంత ధరో ముందే వ్రాయాలి. నీడ పడని మూలలో 5 కిలోవాట్లు వేస్తే చాలునేమో కూడా కొలుస్తున్నాము. జవాబు వచ్చాక అధ్యక్ష మండలికి పంపుతాము. ఆలస్యమైనా సరే.

లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టదలచిన మనిషిని గూర్చి ప్రభువు చెప్పిన మాట మనకు తెలుసు. అతడు డబ్బు పెట్టేవాడు కాబట్టి లెక్క చూసుకోవాలి అనుకుంటాము. డబ్బు పెట్టనివాడు ఇంకా ఎక్కువ చూసుకోవాలి. ఎండ ఉచితం, ఒప్పందం ఉచితం కాదు. మీ ఊరి మందిరానికి ఇట్లాంటి కాగితం వస్తే, భయపడి తిప్పి పంపకండి. సంతోషంలో సంతకమూ చేయకండి. ఇంటికి తెచ్చి, చదువుకున్న పిల్లల చేత చదివించుకొని, పొరుగువారిని కూడా ఒక మాట అడగండి.

ప్రభువు మీ ఇండ్లను, మీ మందిరములను తన వెలుగుతో నింపును గాక. ఆమేన్.

మీ సహోదరుడు,
పాతబస్తీ కాపరి