ఆస్కార్ రాబర్ట్‌సన్‌ను అంకెల్లో ఇరికించొద్దు

ట్రిపుల్ డబుల్ (ఒకే మ్యాచ్‌లో మూడు విభాగాల్లో రెండంకెల గణాంకాలు) పట్టికలో ఎవరో ఒకరు పైకి ఎగబాకినప్పుడల్లా బాస్కెట్‌బాల్ దిగ్గజం ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరు వార్తల్లోకి వస్తుంది. మర్నాటికి మరుగున పడుతుంది. 2021 మే 10న రసెల్ వెస్ట్‌బ్రూక్ 182వ ట్రిపుల్ డబుల్‌తో ఆయన్ను దాటినప్పుడు వచ్చిన కథనాల్లో చాలావాటికి 181 అనే అంకే ఆదీ అంతమూ. కాస్త ఓపిక ఉన్నవాళ్లు 1961-62 సీజన్ సగటు కూడా చేర్చారు: 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు. గొప్ప సీజనే, కాదనను. కానీ ఇవాళ ఎన్‌బీఏలో ఒక పాయింట్ గార్డ్ ఒప్పందం ముగియగానే ఫ్రీ ఏజెంట్‌గా తనకు నచ్చిన జట్టుతో బేరం మాట్లాడుకోగలుగుతున్నాడంటే, అందుకు పునాది 1970 ఏప్రిల్ 16న న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దాఖలైన రాబర్ట్‌సన్ వర్సెస్ ఎన్‌బీఏ దావా. అది లేకుండా ఆయన కెరీర్ గురించి రాస్తే సగం కూడా రాయనట్టే.

రాబర్ట్‌సన్ తన జట్టును ఎంచుకోలేదు. సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఆడాడు కాబట్టి, అప్పటి ‘టెరిటోరియల్ పిక్’ పద్ధతిలో స్థానిక జట్టు సిన్సినాటి రాయల్స్ 1960లో ఆయన్ను తన ఖాతాలో వేసుకుంది. ఊరు నచ్చినా నచ్చకపోయినా, జీతం చాలినా చాలకపోయినా వేరే దారి లేదు. ఎందుకంటే ప్రతి ఆటగాడి ఒప్పందంలోనూ ‘రిజర్వ్ నిబంధన’ అనే పొడిగింపు షరతు ఉండేది. గడువు తీరాక అతడు కొత్త ఒప్పందంపై సంతకం చేయకపోతే, జట్టు తనంతట తానే పాత షరతులతో మరో ఏడాది పొడిగించుకోవచ్చు. పొడిగించిన ఒప్పందంలోనూ అదే నిబంధన ఉంటుందని యజమానుల వాదన. అంటే ఒక్కసారి చేసిన సంతకం ఆటగాణ్ని జీవితాంతం కట్టిపడేస్తుంది. రిక్ బారీ 1967లో కొత్త లీగ్ ఏబీఏకు వెళ్లబోతే కోర్టు ఈ నిబంధననే చూపించి ఆపింది. ఆయన ఒక సీజన్ మొత్తం ఆటకు దూరంగా కూర్చోవాల్సి వచ్చింది.

ఏబీఏ పుట్టాక ఆటగాళ్లకు తొలిసారి రెండో బేరగాడు దొరికాడు. జీతాలు పెరిగాయి. యజమానులకు అదే కంటగింపైంది. రెండు లీగ్‌లనూ కలిపేస్తే పోటీ పోతుంది, జీతాలు అదుపులోకి వస్తాయి. 1965 నుంచి ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న రాబర్ట్‌సన్, సంఘం న్యాయవాది లారీ ఫ్లైషర్ కోర్టుకెక్కింది దీన్ని అడ్డుకోవడానికే. 14 జట్ల నుంచి 14 మంది వాదులు. అందులో జాన్ హవ్లిచెక్, వెస్ అన్‌సెల్డ్, తర్వాతి కాలంలో సెనేటర్ అయిన బిల్ బ్రాడ్లీ ఉన్నారు. దావా పడిన ఐదు రోజులకే రాయల్స్ రాబర్ట్‌సన్‌ను మిల్వాకీకి పంపించేసింది. అంతకుముందు బాల్టిమోర్‌తో కుదిరిన మార్పిడిని ఆయన నిరాకరించగలిగాడు. ఎందుకంటే, తన ఒప్పందంలో ఆ హక్కును ముందే రాయించుకున్నాడు. ఆ జాగ్రత్త మిగతా ఆటగాళ్లలో ఎంతమందికి సాధ్యం? సంఘం పోరాటం అవసరమైంది అందుకే.

నా దృష్టిలో అసలు విజయం దావా వేసిన ఏడాదే దక్కింది. అమెరికా కాంగ్రెస్ అనుమతి కోరడానికి తప్ప విలీనం వైపు అడుగు వేయొద్దని కోర్టు లీగ్‌లను కట్టడి చేసింది. యజమానులు కాంగ్రెస్‌కు వెళ్లారు. సెనేటర్ శామ్ ఎర్విన్ నడిపిన విచారణలో రాబర్ట్‌సన్ స్వయంగా సాక్ష్యం చెప్పాడు. అనుమతి రాలేదు. 1976 దాకా రెండు లీగ్‌లూ విడివిడిగానే నడిచాయి. అన్నేళ్లూ ఆటగాళ్లకు ఇద్దరు కొనుగోలుదారులున్నారు. చివరికి కుదిరిన రాజీ కాగితం ఒక్కటే చదివేవాళ్లకు ఈ లాభం కనపడదు.

1975లో జడ్జి రాబర్ట్ కార్టర్ ఇచ్చిన ఉత్తర్వుతో కేసు మలుపు తిరిగింది. కార్టర్ ఎవరో తెలియాలి. పాఠశాలల్లో జాతి వివక్షను కొట్టేసిన బ్రౌన్ కేసులో టొపీకా పిల్లల తరఫున సుప్రీంకోర్టులో వాదించింది ఆయనే. రాబర్ట్‌సన్ చదివిన ఇండియానాపొలిస్‌లోని క్రిస్పస్ అటక్స్ హైస్కూల్ 1927లో నల్లజాతి పిల్లల్ని వేరుగా పెట్టడానికే తెరిచినది. 1955లో ఆ స్కూల్ రాష్ట్ర టైటిల్ గెలిస్తే, నగరం వాళ్ల ఊరేగింపును డౌన్‌టౌన్‌లో నిలవనీయకుండా నల్లవాళ్ల పేటలోని పార్కుకు మళ్లించింది. ఆ జట్టులో ఆడిన కుర్రాడు రాబర్ట్‌సనే ఇరవై ఏళ్ల తర్వాత కార్టర్ ముందు వాది. కేసు కొట్టేయాలన్న లీగ్ అభ్యర్థనను కార్టర్ తోసిపుచ్చారు. కార్మిక చట్టం చాటున యజమానులు దాక్కోలేరని, కొత్త ఆటగాళ్లను జట్లకు పంచే డ్రాఫ్టు, రిజర్వ్ నిబంధన, విలీనం పోటీని అణచే పనులుగా కనిపిస్తున్నాయని తేల్చారు. యజమానులు బేరానికి దిగివచ్చింది ఆ తర్వాతే.

1976 రాజీతో పొడిగింపు నిబంధన పోయింది. దాదాపు 43 లక్షల డాలర్లు ఆటగాళ్లకు పంచారు. ఆటగాణ్ని కోల్పోయిన జట్టుకు 1980-81 దాకా పరిహారం, ఆ తర్వాత 1987 దాకా ‘వచ్చిన ధరకు నువ్వే ఉంచుకో’ అనే హక్కు మిగిలాయి. ఇది చాలదన్నవాళ్లున్నారు. విల్ట్ చాంబర్లిన్ అప్పీలుకు వెళ్లాడు, 1977లో ఓడిపోయాడు. ఏ షరతూ లేకుండా జట్టు మారిన మొదటివాడు టామ్ చాంబర్స్, అదీ 1988లో. ఇవన్నీ నిజమే. కానీ తీర్పు దాకా పోరాడి ఉంటే బాగుండేదన్న వాదన నాకు మింగుడుపడదు. అదే 1970లో బేస్‌బాల్ ఆటగాడు కర్ట్ ఫ్లడ్ ఇలాంటి నిబంధనపైనే వేసిన దావా 1972లో సుప్రీంకోర్టులో 5-3తో ఓడిపోయింది. పోటీ చట్టం నుంచి బేస్‌బాల్‌కున్న పాత మినహాయింపు బాస్కెట్‌బాల్‌కు లేదు, నిజమే. అయినా పైకోర్టులో ఏమవుతుందో ఎవరు హామీ ఇవ్వగలరు? చేతిలో కార్టర్ ఉత్తర్వు ఉన్నప్పుడే బేరం ముగించడం తెలివైన పని.

ఫ్లడ్ ఓడినా అమరుడయ్యాడు, గెలిచిన రాబర్ట్‌సన్ గణాంకాల్లో మిగిలిపోయాడు. ఇది అన్యాయం. 1974లోనే ఆట మానేసిన ఆయనకు తాను సాధించిపెట్టిన స్వేచ్ఛ ఒక్క రోజు కూడా అక్కరకు రాలేదు. క్రీడా పేజీల సంపాదకులకు నా విన్నపం ఒక్కటే: ఫ్రీ ఏజెన్సీ కోట్ల కథ రాసే ప్రతి జూలైలోనూ ఈ కేసు పేరు రాయండి, వాది పేరుతో సహా.