పాత కొలతతో మోటారు దించితే...

అనంతపురం జేఎన్‌టీయూ హాస్టల్లో ఓ కుర్రాడున్నాడనుకోండి. పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకున్నాడు. లోపలి వైఫై పాడైతే బజారులో యూఎస్‌బీ వైఫై ఒకటి కొన్నాడు. దానికి ఉబుంటులో డ్రైవర్ లేదు. సోర్సు తెచ్చి ‘మేక్’ కొట్టాడు. తెరనిండా ఎర్రర్లే! ఎల్లుండి ప్రాజెక్టు ఇవ్వాలి. పక్కగది నుంచి ఉచిత సలహా... ‘ఫార్మాట్ కొట్టెయ్‌రా!’

కొడితే పోయేది ప్రాజెక్టే, తప్పు కాదు. ముందు ఆ జాబితాలో మొట్టమొదటి ఎర్రర్ చదవాలి. అందరూ చివరిది చూస్తారు. మిగతావన్నీ చాలాసార్లు మొదటిదాని పిల్లలే.

ఈ జిల్లాలో బోరు సంగతి తెలియని ఇల్లుండదు. నాలుగేళ్ల కిందటి నీటిమట్టం చూసి పైపులు కొంటే మోటారు నీళ్లకు అందదు. మోటారు మంచిదే, బోరూ మంచిదే. కొలతే పాతది. హెడర్లూ అంతే. కెర్నల్లో ఏ స్ట్రక్చర్ ఎలా ఉంటుంది, ఏ ఫంక్షన్‌కు ఎన్ని విలువలివ్వాలి అన్న కొలతలుండే ఫైళ్లవి. బయటి మాడ్యూల్ వాటిని చూసుకునే తయారవుతుంది.

నడుస్తున్న కెర్నల్ ఏదో ‘యునేమ్ -ఆర్’ చెబుతుంది. చివరి అంకెతో సహా అదే నంబరున్న ‘లినక్స్-హెడర్స్’ ప్యాకేజీ ఉండాలి. అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేయనివాళ్లకు తేడా ఇక్కడే వస్తుంది. దించుకోడానికి నెట్ లేదా? ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే సరి.

అసలు తిరకాసు మరోటి. ‘లినక్స్’ పేరుతో హెడర్ల ఫోల్డర్లు రెండుంటాయి. ‘యూఎస్ఆర్/ఇన్‌క్లూడ్’లోది మామూలు ప్రోగ్రాములకు. మాడ్యూళ్లకు కావాల్సింది ‘లిబ్/మాడ్యూల్స్’లో కెర్నల్ నంబరు కింద ‘బిల్డ్’ లింకు చూపించేది. పేర్లు ఒకటే, సరుకు వేరు. కెర్నల్ బిల్డ్ తనంతట తాను మొదటిదాని జోలికి పోదు. డ్రైవర్ రాసినాయన మేక్‌ఫైల్లో ‘-ఐ’ పెట్టి ఆ దారి చూపిస్తేనే గొడవ. ఒకే పేరు రెండుసార్లు వచ్చిందంటూ ‘రీడెఫినిషన్’ గోల మొదలవుతుంది. ఆ దారి తీసేయాలి. సొంత వైఫై హెడర్లు మోసుకొచ్చే డ్రైవర్లతోనూ ఇదే తంటా.

అన్నీ కుదిరినా కాలేదంటే డ్రైవరే ముసలిదై ఉంటుంది. 2019లో వచ్చిన 5.0 కెర్నల్ నుంచి ‘యాక్సెస్_ఓకే’కు ఇవ్వాల్సిన విలువలు మూడు కాదు, రెండు. 2020 నాటి 5.6లో ‘ప్రాక్’ ఫైళ్ల స్ట్రక్చరే మారింది. బయటి మాడ్యూళ్ల కోసం లోపలి ఏర్పాట్లు మార్చకుండా ఉంచుతామని కెర్నల్ వాళ్లు ఏనాడూ మాటివ్వలేదు మరి. కొత్త కెర్నల్‌కు సరిచేసిన సోర్సు వెతుక్కోవాల్సిందే. సిస్టం హెడర్లను చేత్తో దిద్దడం మాత్రం వద్దు. టేపు మీద అంకెలు చెరిపి రాస్తే నీళ్లు పైకొస్తాయా!

కంపైలయ్యాక ‘ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్’ అంటే? ‘డీమెసేజ్’ చూడాలి. మాడ్యూల్ ఏ కెర్నల్‌కు కట్టిందో, నడుస్తున్నది ఏదో చాలాసార్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ‘మేక్ క్లీన్’ కొట్టి, మళ్లీ ‘మేక్’.