సైనికుని సెలవు - కార్యాలయముల జాప్యము

విదేశములందలి మన రాయబార కార్యాలయములలో సైనిక సలహాదారులును వారి సిబ్బందియు పనిచేయుచుందురు. అట్టి యుద్యోగమునకు నియమింపబడిన చిత్తూరు సీమవాడు భార్యాబిడ్డలను వెంట గొనిపోవలెనన్నచో బిడ్డల జనన ధ్రువపత్రములు, పాఠశాల బదిలీ పత్రములు మున్నగునవి స్వస్థలముననే సమకూర్చుకొనవలెను. సైనికుని వార్షిక సెలవు 60 దినములు. అదియంతయు కార్యాలయముల గడపలకడనే గడచిపోవుట న్యాయమా?

చిక్కులు లేవని మేమనము. సైనిక దాఖలాలో భార్య పేరునకు ముందు మగని యింటిపేరు పొడియక్షరముగా నుండును. ఆధారు కార్డున పుట్టినింటిపేరు పూర్తిగా నుండును. 2022 ఏప్రిల్ 4న తిరుపతి ప్రత్యేక జిల్లా యైనది. శ్రీకాళహస్తివాని పాత దాఖలాలలో చిత్తూరు జిల్లా యనియే యున్నది. జిల్లాను విభజించినది ప్రభుత్వము. సంజాయిషీ చెప్పుకొనవలసినది సైనికుని యిల్లాలా? నేడొక కాగితము లేదందురు. అది తెచ్చిన పిమ్మట మఱియొకటి కోరుదురు. వివాహ ధ్రువపత్రము పాసుపోర్టు దరఖాస్తునకు అక్కఱలేదని విదేశాంగశాఖ 2016 డిసెంబరులోనే ప్రకటించినది. ఆ సంగతి యెఱుగని గుమాస్తా దానినే కోరినచో ఆమె ఎవరితో మొఱపెట్టుకొనవలెను?

ప్రజలకు పత్రములు గడువులోపల నందవలెనని యేర్పడిన మీసేవ 2011 నవంబరు 4న ప్రారంభమైనది తిరుపతిలోనే గదా! ఆ యూరివారికే ఈ తిరుగుడేల?

రెండు జిల్లాల కలెక్టరులును సైనిక కుటుంబముల అర్జీలకు వారమునకొక దినము కేటాయింపవలెను. పేర్ల భేదమును తహశీల్దారు విచారించి ఒక్క పత్రముతో తీర్పవలెను. కావలసిన కాగితములన్నిటి జాబితాను గుమాస్తా మొదటినాడే తన సంతకముతో వ్రాసియీయవలెను. అందు లేనిదానిని పిమ్మట కోరరాదు.