పాయింట్లతో స్లీపర్ సఫర్: ఈ రియాయత్ ఎవరికి?



ఈమధ్య షాదీ దావత్‌ల్లో, జుమా తర్వాత మసీదు మెట్ల మీద ఒక మాట తరచు చెవిన పడుతోంది. "అజ్మీర్ టికెట్లు మాకు ఫోకట్‌లో వచ్చాయి భాయ్, కార్డు పాయింట్లతో కొట్టేశాం." చెప్పేవాడి ముఖంలో ఖుషీ, వినేవాడి దిల్‌లో కాస్త హసద్. మర్నాడు వినేవాడు కూడా కార్డుకు దర్ఖాస్తు పెడతాడు.

ఆ ఫోకట్ అనే మాట మీదే నాకు ఏతరాజ్ ఉంది. ఈ దునియాలో ఏ బ్యాంకూ ఎవరికీ ఖైరాత్ చేయదు. టికెట్‌కు మనం పైసా ఇవ్వలేదంటే ఇంకెవరో ఇచ్చారన్నమాట. ఆ ఇంకెవరో ఎవరని అడగకుండా జియారత్‌కు బయల్దేరడం నాకు నచ్చదు.

ముందు హిసాబ్ చూద్దాం. రైలు టికెట్ల కోసమే పుట్టిన కార్డుల్లో జనానికి బాగా తెలిసింది ఐఆర్‌సీటీసీ ఎస్‌బీఐ ప్లాటినం కార్డు. అది ప్రకటించుకున్న లెక్క ప్రకారం మామూలు ఖర్చు 125 రూపాయలకు ఒక పాయింటు, ఒక పాయింటు విలువ ఒక రూపాయి. అంటే 600 రూపాయల స్లీపర్ టికెట్ రావాలంటే 75 వేలు ఖర్చు పెట్టాలి. నలుగురున్న కుటుంబం రానూపోనూ ఎనిమిది టికెట్లు తీసుకోవాలంటే ఆరు లక్షల రూపాయల కార్డు గీకాలి. ఏటా కట్టే ఫీజు దీనికి అదనం. కిరాణా సామాను, పిల్లల స్కూలు ఫీజు, ఈద్ బట్టలు అన్నీ కలిపినా మన మధ్యతరగతి ఇళ్ళలో ఆరు లక్షలు ఎన్నాళ్ళకు అవుతుందో మీరే చూసుకోండి. (షర్తులు మారుతూ ఉంటాయి, మీ కార్డు కాగితం మీరు చదువుకోవాలి.)

మరి పాయింట్లు త్వరగా కూడబెట్టేవాళ్ళు ఎలా కూడబెడుతున్నారు? అదే కార్డు మీద రైలు టికెట్ కొంటే పది శాతం దాకా పాయింట్లుగా తిరిగి వస్తుంది. కానీ ఎక్కడ? ఫస్ట్ ఏసీ, సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, చైర్ కార్, ఎగ్జిక్యూటివ్ చైర్ కార్. ఈ ఫెహ్రిస్త్‌లో స్లీపర్ పేరు లేదు. కిటికీ ఊచల్లోంచి వేడిగాలి కొడుతుంటే తడి రుమాలు నెత్తిన వేసుకుని వెళ్ళే ముసాఫిర్‌కు ఆ పది శాతం లేదు. ఏసీలో దుప్పటి కప్పుకుని వెళ్ళేవాడికి ఉంది. వాడు నాలుగుసార్లు ఏసీలో తిరిగి కూడబెట్టిన పాయింట్లతో ఐదోసారి వాళ్ళ దాదీకి స్లీపర్ టికెట్ తీసి "ఫోకట్" అంటాడు.

ఇక్కడే నాకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. 2020 మార్చి 20కి ముందు రైల్వే కౌంటర్‌లో మన బుజుర్గులకు ఒక రియాయత్ ఉండేది. 60 దాటిన మగవాళ్ళకు 40 శాతం, 58 దాటిన ఆడవాళ్ళకు 50 శాతం ఛార్జీ తగ్గేది. స్లీపర్‌లోనూ తగ్గేది. దానికి కార్డు అక్కర్లేదు, ఆరు లక్షల ఖర్చు అక్కర్లేదు, వయసుంటే చాలు. కోవిడ్ పేరుతో ఆపేశారు, కోవిడ్ పోయింది, రియాయత్ తిరిగి రాలేదు. కనీసం స్లీపర్, థర్డ్ ఏసీల్లోనైనా పరిశీలించమని పార్లమెంటు స్టాండింగ్ కమిటీ సిఫారసు చేసింది. ఇప్పటికే అందరు ప్రయాణికులకూ ఛార్జీలో పెద్ద భాగం సబ్సిడీగా ఇస్తున్నామని సర్కారు జవాబు. కడప నుంచి ముంబయికి గల్ఫ్ వెళ్ళే కొడుకును సాగనంపడానికి పోయే తల్లి, కలబురగిలో బందే నవాజ్ ఉర్స్‌కు పోయే ముసలి జంట, నాగూరు మొక్కు తీర్చుకోవాలనుకునే నానీ, వీళ్ళంతా ఇప్పుడు జవాను కుర్రాడితో సమానంగా పూర్తి ఛార్జీ కడుతున్నారు.

వయసుతో వచ్చేది హఖ్. ఖర్చుతో వచ్చేది ఇనామ్. హఖ్ తీసేసిన చోట ఇనామ్ పెట్టారు, మనం ఇనామ్ చూసి మురిసిపోతున్నాం. పాయింట్ల ఖుషీలో పడి ఆ రియాయత్ గురించి అడగడమే మానేశామని నా షికాయత్. మన అంజుమన్‌లు, కమిటీలు ఎన్నో విషయాల మీద మెమొరాండంలు ఇస్తాయి. స్థానిక ఎంపీకి ఈ ఒక్క విషయం మీద ఎన్ని ఇచ్చాయి?

ఇప్పుడు అసలు మసలా, సూద్. పాయింట్లకు డబ్బు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, మనం కార్డు గీకినప్పుడు దుకాణదారు నుంచి తీసుకునే కమిషన్. రెండోది, గడువులోగా పూర్తి బిల్లు కట్టలేనివాళ్ళ దగ్గర గుంజే సూద్. నెలకు మూడున్నర శాతం ప్రాంతంలో ఉంటుంది, ఏడాదికి నలభై దాటుతుంది. ఊళ్ళో వడ్డీ వ్యాపారిని తిట్టుకునే మనం ఈ రేటు విని ఉలిక్కిపడాలి. 20 వేల బకాయి ఒక్క నెల మిగిలితే 700 రూపాయలు, దాని మీద జీఎస్టీ వేరే. ఒక స్లీపర్ టికెట్ అక్కడే పోయింది. "మినిమం డ్యూ" అని బిల్లు మీద రాసే అంకె చూసి అది కడితే సరిపోతుందనుకునే పిల్లలు మన ఇళ్ళలో ఉన్నారు. అది కట్టినా మిగతా దాని మీద సూద్ నడుస్తూనే ఉంటుంది. పైగా ఆ నెల నుంచి కొత్తగా కొన్నవాటికి కూడా సూద్ లేని గడువు పోతుంది, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది.

ఉలమాల మధ్య ఇందులో ఇఖ్తిలాఫ్ ఉంది. 2000లో రియాద్‌లో జరిగిన 12వ ఇజ్లాస్‌లో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ గట్టిగానే చెప్పింది: సూద్ షర్తు ఉన్న క్రెడిట్ కార్డు, గడువులోగా కట్టే నియ్యత్ ఉన్నా సరే, తీసుకోవడం జాయిజ్ కాదని. సంతకం పెట్టే కాగితంలోనే హరామ్ షర్తుకు ఒప్పుకుంటున్నాం కదా అన్నది వాళ్ళ దలీల్. గడువులోగా పూర్తిగా కట్టేస్తానన్న పక్కా ఇంతెజామ్ ఉంటే గుంజాయిష్ ఉందన్న ఉలమా కూడా ఉన్నారు, మన బర్రె సగీర్‌లో ఈ మాట చెప్పేవాళ్ళు తక్కువేం కాదు. వీళ్ళ లెక్కలో కొనుగోలు మీద వచ్చే పాయింట్లు బ్యాంకు తన తరఫున ఇచ్చే ఇనామ్. డెబిట్ కార్డైతే ఏ ఝంఝట్ లేదనుకోకండి. ఖాతాలో మన డబ్బు బ్యాంకుకు కర్జ్ లాంటిది, కర్జ్ ఇచ్చినందుకు షర్తుగా వచ్చే నఫా సూద్ అన్నది ఫిఖ్‌లో పాత ఉసూల్. అందుకే పాయింట్లు వస్తువు కొన్నందుకు వస్తున్నాయా, ఖాతాలో ఇంత బ్యాలెన్స్ ఉంచినందుకు వస్తున్నాయా అనేది ముఖ్యం.

నేను ముఫ్తీని కాను, ఫత్వా నా పని కాదు. మీ ముఫ్తీ సాబ్‌ను అడిగేటప్పుడు "పాయింట్లు హలాలా?" అని ఒక్క మాటలో అడిగి రాకండి. ఏ కార్డు, పాయింటు దేనికి వస్తోంది, బిల్లు ఎలా కడుతున్నారు, ఈ మూడూ చెప్పి అడగండి. సగం సవాల్‌కు సగం జవాబే వస్తుంది.

నా రాయ్ మాత్రం దాచుకోను. పాయింట్ల కోసం కొత్త కార్డు తీసుకోవడం నాదానీ. సఫర్ ఖర్చు నెలనెలా వెయ్యో రెండు వేలో పక్కన పెట్టి కూడబెట్టడం మన పెద్దవాళ్ళకు తెలుసు, మట్టి గల్లాపెట్టెకు వడ్డీ లేదు, యాన్యువల్ ఫీజు లేదు. జమాత్‌లో వెళ్ళే సాథీలకైతే మరీ చెబుతున్నా: సొంత జాన్, సొంత మాల్, సొంత వఖ్త్ అని బయాన్‌లో చెప్పి, ప్రయాణం మాత్రం షక్ ఉన్న పాయింట్ల మీద చేయడం బాగుండదు.

ఇప్పటికే కార్డు ఉండి, ఆఫీసు పనుల మీద ఏసీలో తిరిగి, ప్రతి బిల్లూ గడువులోగా పూర్తిగా కట్టి, ఆలిమ్‌ను అడిగి దిల్ ఇత్మినాన్‌గా ఉన్నవాళ్ళ సంగతి వేరు. మీ దగ్గర పాయింట్లు పడి ఉంటే మురగబెట్టకండి, గడువు తీరిపోయేవి కూడా ఉంటాయి. వాటితో మీ ఏసీ టికెట్‌ను ఇంకో మెట్టు పైకి మార్చుకునే బదులు, ఖాందాన్‌లో స్లీపర్‌కు కూడా లెక్కలు వేసుకునే వాళ్ళెవరో చూడండి. బేవా ఫుప్పు ఉండొచ్చు, ఆపరేషన్ కోసం హైదరాబాద్ రావలసిన ఖాలూ ఉండొచ్చు. రైల్వే తీసేసిన రియాయత్ మీ చేతి మీదుగా వాళ్ళకు చేరుతుంది. సిలా రహ్మీకి ఇదో రాస్తా. జకాత్ లెక్కలో మాత్రం దీన్ని మీ అంతట మీరు కలపకండి, అది వేరే మసలా.

దీన్ని తిజారత్ చేసుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. సొంత ఐడీ మీద బంధువులకు, దోస్తులకు టికెట్ తీసివ్వడం తప్పు కాదు. ఆధార్ కలిపిన ఐడీకి నెలకు 24 టికెట్లు, కలపనిదానికి 12. కానీ పాయింట్లు గుట్టలుగా చేసుకుని, మొహల్లాలో నలుగురికీ కమిషన్ మీద టికెట్లు అమ్మితే 1989 రైల్వే చట్టం 143వ సెక్షన్ కిందికి వస్తుంది. మూడేళ్ళ దాకా ఖైదు, పది వేల దాకా జుర్మానా, లేదా రెండూ.

ఇక బుజుర్గులకు టికెట్ తీసేవాళ్ళకు ఒక పనికొచ్చే మాట. ఛార్జీలో రియాయత్ పోయినా లోయర్ బెర్త్ కోటా పోలేదు. 60 దాటిన మగవాళ్ళకు, 45 దాటిన ఆడవాళ్ళకు స్లీపర్‌లో ప్రతి బోగీలో కొన్ని కింది బెర్తులు కేటాయించి ఉంటాయి. ఆ కోటా ఒక టికెట్ మీద అలాంటి ఒకరో ఇద్దరో ఉన్నప్పుడే వర్తిస్తుంది. ఆరుగురినీ ఒకే టికెట్‌లో కుక్కితే అమ్మీజాన్‌కు పై బెర్త్ వచ్చే ప్రమాదం ఉంది. అబ్బా, అమ్మీ ఇద్దరికీ ఒక టికెట్, జవానులకు వేరే టికెట్ తీయండి. వయసు ఆధార్‌లో ఉన్నట్టే వేయండి. తర్వాత ఒకే బోగీలో సీట్లు రాకపోతే, కొడుకు రాత్రి ఒకటి రెండుసార్లు లేచి వెళ్ళి చూసి రావచ్చు.