పాత యంత్రముపై ఆట

పనికివచ్చు వస్తువును పారవేయుట పూర్వము తెలుగు ఇండ్లలో మెచ్చదగిన పనిగా ఉండలేదు. చిల్లుపడిన బిందెకు మాటు వేయించుచుండిరి. అరిగిన తిరుగలికి గంట్లు కొట్టించుచుండిరి. చినిగిన చీరలు బొంతలై మరి పదియేండ్లు ఇంటివారికి అక్కరకు వచ్చుచుండెను. కంప్యూటరు వచ్చుసరికి ఆ యలవాటు ఎక్కడకు పోయెనో తెలియదు. 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థ తన విండోసు 10 అను వ్యవస్థకు సాధారణముగా ఇచ్చు భద్రతా సవరణలను ముగించెను. దాని తరువాతిదగు విండోసు 11 పాత యంత్రములలో పెక్కింటిని అంగీకరింపదు. టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనము లేదనియో, ప్రాసెసరు మిక్కిలి పాత తరమునకు చెందినదనియో వానిని త్రోసిపుచ్చును. ఆ యంత్రములకు రోగమేమియు లేదు. తెర వెలుగుచునే యున్నది. మీటలు నొక్కినచో అక్షరములు పడుచునే యున్నవి. అయినను అవి ముసలివని తీర్పు వెలువడినది.

ఇట్టి యంత్రములు సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులోను, చెన్నపట్టణపు రిచీ వీథిలోను, బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోను వరుసలుగా పేర్చబడి యుండును. వానిలో చాలభాగము ఒకప్పుడు కార్యాలయములలో పనిచేసినవే. 2012లో వెలువడిన థింక్‌ప్యాడ్ ఎక్స్230 అను ల్యాప్‌టాప్ అట్టి వానిలో నొకటి. అందు ఇంటెల్ మూడవ తరపు ప్రాసెసరును, దానిలోనే ఇమిడియున్న హెచ్.డి. 4000 అను చిత్రణ విభాగమును గలవు. ఒక మధ్యతరగతి గృహస్థు దీనిని కొనితెచ్చి, రూక ఖర్చులేకుండ లభించు లినక్సును అందు నిలిపి, పిల్లవాని చేతికిచ్చెననుకొందము. పిల్లవాడు అడుగు మొదటి ప్రశ్న ఏమో ఊహించుట కష్టము కాదు. “ఇందులో ఆటలు వచ్చునా నాన్నగారూ?” అని అడుగును. వచ్చునని చెప్పవచ్చును. అంతేకాదు, ఆ ప్రశ్న అడిగినందుకు పిల్లవానిని కసరుకొనవలసిన పనియు లేదు. ఏలయన, లినక్సు ఏ వంశమున జన్మించెనో ఆ వంశమునకు మూలమున నున్నది పాత యంత్రముపై ఆడిన ఆటయే.

ఆ కథ 1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జరిగినది. కెన్ థాంప్సన్ అను శాస్త్రజ్ఞుడు అంతరిక్ష ప్రయాణమును గూర్చి ఒక ఆటను వ్రాసెను. అందు సూర్యుడును గ్రహములును తమ తమ గతులలో చరించుచుండును. ఆడువాడు ఒక చిన్న నౌకను నడపుకొనుచు ఆ వింతలను చూచుచు, గ్రహములపైనను, ఉపగ్రహములపైనను దిగుటకు ప్రయత్నింపవలెను. ఆట బాగుగనే యున్నది గాని, దానిని ఆడించిన పెద్ద కంప్యూటరుపై బొమ్మ కుదుపులతో కదలెడిది; నౌక చెప్పినమాట వినెడిది కాదు. పైగా ఒక్క ఆటకు యంత్రకాలపు వెల సుమారు 75 డాలర్లు! ఆ రోజులలో అది చిన్న మొత్తము కాదు. అంతట థాంప్సన్ చూపు ఎవరును అంతగా వాడక మూలబడియున్న పి.డి.పి.-7 అను చిన్న యంత్రముపై పడెను. దానికి మంచి తెర యొకటి ఉండెను. డెన్నిస్ రిచీ అను మిత్రుని సాయముతో అతడు ఆటను దానికై మరల వ్రాసెను. తొలుత ప్రోగ్రామును పెద్ద యంత్రముపై సిద్ధపరచి, కాగితపు పట్టీలపై రంధ్రములుగా పొడిపించి, ఆ పట్టీలను చేతబట్టుకొని చిన్న యంత్రము చెంతకు తీసికొనిపోవలసి వచ్చెను. ఆట కొరకు పడిన ఆ శ్రమలోనే యంత్రపు గుట్టుమట్టులన్నియు అతనికి తెలిసినవి. పిమ్మట అతడు దానిపై దస్త్రములను భద్రపరచు పద్ధతిని, ఆజ్ఞలను స్వీకరించు పద్ధతిని నిర్మించెను. అదియే యూనిక్సు అయినది. ఆ యంత్రమునందలి జ్ఞాపకశక్తి నేటి లెక్కలో 18 కిలోబైట్లు మాత్రమే. పనికిరాదని నేడు పక్కకు నెట్టబడు నాలుగు జిగాబైట్ల యంత్రమున దానికి రెండు లక్షల రెట్లకు మించి జ్ఞాపకశక్తి కలదు.

1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ ఆ యూనిక్సు పద్ధతులనే అనుసరించి, ఇంటెల్ 386 ప్రాసెసరుగల తన యింటి కంప్యూటరుపై లినక్సును వ్రాయ నారంభించెను. మరుసటి సంవత్సరమున దానిని ఎవరైనను చదివి, మార్చి, పంచిపెట్టవచ్చునను షరతులతో లోకమునకు ఇచ్చెను. ఈ షరతులు ఆటల విషయమున ఎట్టి ఫలమిచ్చునో చూడదగియున్నది.

1993లో వెలువడిన డూమ్ అను ఆట ఆనాడు గొప్ప సంచలనము కలిగించినది. దాని నిర్మాతలు 1997లో లినక్సునకు తగిన దాని మూలరచనను బయటపెట్టిరి. నాటినుండి నేటివరకు డూమ్ ఆడని యంత్రము లేదని చెప్పిన అతిశయోక్తి కాదేమో! అయితే వారు విడిచినది యంత్రము చదువు ప్రోగ్రామునే గాని, బొమ్మలను, చప్పుళ్లను, కోటల చిత్రములను కాదు. ఆ లోటు తీర్చుటకై ఔత్సాహికులు ఫ్రీడూమ్ అను పేర వానినన్నిటిని కొత్తగా గీసి కూర్చిరి. ఓపెన్ టి.టి.డి. కథయు ఇట్టిదే. 1995 నాటి రవాణా వ్యాపారపు ఆటను 2004 నుండి కొందరు మరల నిర్మించిరి; తరువాత బొమ్మలను సైతము స్వంతముగా సమకూర్చుకొనిరి. అందు ఆడువాడు ఊరికిని ఊరికిని నడుమ రైలు పట్టాలు వేయవలెను, బొగ్గును విద్యుత్కేంద్రమునకు చేర్పవలెను, అప్పు తీర్పవలెను. తొందరపడి వంతెనలు కట్టినవాడు దివాలా తీయును. దీనికి ఖరీదైన గ్రాఫిక్సు కార్డుతో అవసరమే లేదు.

బాటిల్ ఫర్ వెస్నాత్ అను మరియొక ఆట చదరంగమువలె ఎత్తుకు పైయెత్తు వేయునట్టిది. యుద్ధభూమి ఆరుకోణముల గడులుగా నుండును. పగలు బలము హెచ్చు వీరులు కొందరు, రాత్రి హెచ్చువారు కొందరు. దాని ఘట్టములన్నియు మామూలు పాఠముగా చదువుకొనదగిన దస్త్రములలో ఉండును. సేనాపతికి ఎన్ని బంగారు నాణెములు ఇవ్వవలెనో చెప్పు అంకె ఒక పంక్తిలో కానవచ్చును. ఎనిమిదవ తరగతి పిల్లవాడు ఆ అంకెను మార్చి, ఆటను మరల తెరచి, తన మార్పు ఫలించుట చూచిన క్షణమున అతడు ఆటగాని స్థానమునుండి నిర్మాత స్థానమునకు ఒక మెట్టు ఎక్కును. మూతవేసి తాళముపెట్టిన వేలరూపాయల ఆటలో ఈ భాగ్యము తరచుగా లభింపదు.

విండోసుకై వ్రాసిన ఆటలమాట ఏమని అడుగవచ్చును. 1993లో ఆరంభమైన వైన్ అను ప్రోగ్రాము, 2018లో వాల్వ్ సంస్థ దానిపై నిర్మించిన ప్రోటాన్, ఆ ఆటల కోరికలను లినక్సునకు తెలియు మాటలుగా మార్చి చెప్పు దుబాసీల వంటివి. ఐతే ప్రోటాన్ సాధారణముగా వల్కన్ అను కొత్త చిత్రణభాషలో మాటాడును. హెచ్.డి. 4000 వంటి పాత విభాగములకు ఆ భాష సగమే వచ్చును. అప్పుడు ఓపెన్ జి.ఎల్. అను పాత భాషలోనికి మార్చు మార్గమును ఎన్నుకొనవలెను. పదునైదేండ్ల క్రిందటి ఆటలలో పెక్కు అట్లు నడచును. నిన్న మొన్న వెలువడిన భారీ ఆటలు నడవవు. ఫోర్ట్‌నైట్, వాలరెంట్ వంటి పోటీ ఆటలు ఎంత ఖరీదైన యంత్రముపైనను లినక్సులో నడవవు. మోసమును పట్టుకొను వాని కాపలా ప్రోగ్రాములు దానిని ఒప్పుకొనవు. ఈ సంగతి ముందే చెప్పక, అన్నియు వచ్చునని పిల్లవానిని నమ్మించుట తగదు. స్నేహితులందరు ఒక ఆటలో కూడి ముచ్చటించుకొనుచుండగా తానొక్కడు వెలుపల నిలుచుట బాలునికి చిన్న బాధ కాదు. పేదరికము శీలమును పెంచునని చెప్పి ఆ బాధను కప్పిపుచ్చు పెద్దలు కొందరు కలరు. కడుపునిండినవారు ఉపవాసమును పొగడినట్లుండును వారి మాట. పాత యంత్రము మంచిదగుట అది పాతదైనందున కాదు. దానిని తెరచి చూచుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు గనుక.

ఆటలవలన చదువు చెడునను భయము తల్లిదండ్రులకు సహజమే. గంటల తరబడి తెరకు అంటుకొనియుండుట ఏ యంత్రముపైనను మంచిది కాదు. కాని ఆట నడువకున్నచో ఎందుకు నడువలేదో వెదకుటయు, చిత్రణపు హంగులు తగ్గించి వేగము పెంచుటయు, ఎక్స్ఎఫ్‌సిఇ వంటి తేలికయైన రంగస్థలమును ఎన్నుకొనుటయు నిజమైన చదువే. పరీక్షలో దానికి మార్కులు లేనంత మాత్రమున అది చదువు కాకపోదు.

కొనువారు గమనింపవలసినవి కొన్ని గలవు. తిరుగు పళ్లెముల హార్డ్ డిస్కును తీసి ఎస్.ఎస్.డి. అమర్చినచో యంత్రము మారిపోయినదా యనిపించును. అన్ని మార్పులలో దీనికే ముందు డబ్బు వెచ్చింపవలెను. జ్ఞాపకశక్తిని ఎనిమిది జిగాబైట్లకు పెంచుట రెండవది. పంఖాలో పేరుకొన్న దుమ్మును తుడిపింపవలెను. ఉబ్బిన బ్యాటరీని ఒక్కదినమైనను ఉంచరాదు; అది మంటలు పుట్టింపగలదు. ఇక లినక్సునకును హద్దు లేకపోలేదు. అది పుట్టిన 386 ప్రాసెసరుకే 2013లో వెలువడిన దాని 3.8వ కూర్పు వీడ్కోలు చెప్పినది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13, 32 బిట్ల కంప్యూటర్లపై నిలుపుకొను వసతిని విడిచిపెట్టినది. కావున అంగడిలో బేరమాడుటకు ముందే అది 64 బిట్ల యంత్రమేనా యని అడిగి, అక్కడనే ఒక పెన్‌డ్రైవునుండి లినక్సును తెరచి చూచి, ధ్వనియు, వైఫైయు, తెరయు సరిగా పనిచేయుచున్నవని తేల్చుకొనిన పిమ్మటనే రూపాయలు లెక్కపెట్టవలెను.